పాత అనలాగ్ సింథసైజరులో పలకని మీటలు: కాంటాక్టులను సరిచేసే విధానం

చాలాకాలం మూలన పడి ఉన్న పాత అనలాగ్ సింథసైజరును బయటికి తీసి వాయించబోతే, మొదట ఎదురయ్యే చిక్కు సాధారణంగా మీటల దగ్గరే ఉంటుంది. ఒక మీట అసలు పలకదు, పక్కది గట్టిగా అదిమితేనే పలుకుతుంది, మరొకటి ఒక్కసారి నొక్కితే రెండుసార్లు మోగుతుంది, ఇంకొకటి పలికినా శ్రుతి వణుకుతుంది. శబ్దాన్ని పుట్టించే ఆసిలేటర్లూ, దాన్ని మలిచే ఫిల్టర్లూ నిక్షేపంగా ఉన్నా, మీట నొక్కినప్పుడు విద్యుత్ దారిని కలిపే కింది చిన్న కాంటాక్టు సరిగా కలవకపోతే వాద్యం మొత్తం చెడిపోయినట్టే అనిపిస్తుంది. ఓపిక, స్థిరమైన చేయి ఉన్నవారు ఈ మరమ్మతును స్వయంగా చేసుకోవచ్చు. అయితే కాలం వల్ల మాసిన కాంటాక్టును శుభ్రం చేయడం తేలికే గాని, బాగుచేయబోయి గీకినదాన్నీ వంచినదాన్నీ తిరిగి దారికి తేవడం చాలా కష్టం. అందుకే ప్రతి దశలోనూ అతి తక్కువ బలంతో అయ్యే పనినే ముందు చేయమని కోరుతున్నాను.

మీ వాద్యంలో ఉన్నది ఏ రకం కాంటాక్టు?

పాత సింథసైజర్లలో మీటల కింద ఉండే కాంటాక్టులు ప్రధానంగా రెండు రకాలు. రెండింటి జబ్బులూ వేరు, మందులూ వేరు.

మొదటిది తీగ రకం. 1970లో వచ్చిన మినీమూగ్, 1972 నాటి ఆర్ప్ ఒడిస్సీ, 1978లో వచ్చిన ప్రాఫెట్-5 వంటి అమెరికన్ వాద్యాల్లో ప్రాట్-రీడ్ సంస్థ తయారుచేసిన కీబోర్డులు ఎక్కువగా కనిపిస్తాయి. వాటిలో ప్రతి మీట కిందా జె అక్షరంలా వంపు తిరిగిన సన్నని స్ప్రింగు తీగ ఉంటుంది. మరమ్మతు చేసేవారు దీన్ని జె-వైరు అంటారు. మీట నొక్కినప్పుడు ఈ తీగ, కీబోర్డు పొడవునా సాగే సన్నని లోహపు కడ్డీని తాకుతుంది. ఆ కడ్డీకి బస్ బార్ అని పేరు. మినీమూగ్ వంటి, ఒకసారికి ఒక్క స్వరమే పలికే ఏకస్వర వాద్యాల్లో ఒక్కో మీటకు రెండు కాంటాక్టులు ఉంటాయి. వాటిలో ఒకటి ఏ శ్రుతి పలకాలో చెబుతుంది, రెండోది స్వరం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలో చెబుతుంది. ఈ రెండో సంకేతాన్నే గేట్ అంటారు.

రెండోది రబ్బరు రకం. 1984లో వచ్చిన రోలాండ్ జూనో-106 ఇందుకు మంచి ఉదాహరణ. సర్క్యూట్ బోర్డు మీద రెండు దువ్వెనల పళ్లు ఒకదానిలోకి ఒకటి దూర్చినట్టుగా నల్లని కార్బన్ గీతలు ఉంటాయి. వాటి మీద రబ్బరు పట్టీ, ఆ పట్టీలో వరుసగా బుడిపెలు, ప్రతి బుడిపె లోపలా కార్బన్ కలిపిన చిన్న నల్లని బిళ్ల ఉంటాయి. మీట బుడిపెను అదిమితే బిళ్ల కిందికి దిగి రెండు దువ్వెనలనూ కలుపుతుంది.

మూత తీయకుండానే మీ వాద్యం ఏ రకమో కొంతవరకు ఊహించవచ్చు. తీగ రకంలో తరచుగా వాయించే నడిమి మీటలు, తీగ కడ్డీని ఒరుసుకుంటూ కదలడం వల్ల తమను తామే శుభ్రం చేసుకుంటాయి. కాబట్టి అరుదుగా తాకే రెండు కొసల మీటలు ముందు మూగబోతాయి. రబ్బరు రకంలో తరచుగా దీనికి తలకిందులుగా జరుగుతుంది. ఎక్కువగా నొక్కిన నడిమి మీటల కార్బనే ముందు అరుగుతుంది.

స్క్రూడ్రైవరు పట్టే ముందు

ఈ దశను చాలామంది వదిలేస్తారు. నన్నడిగితే మొత్తం మరమ్మతులో సగం పని ఇదే. ఒక కాగితం మీద అన్ని మీటలకూ ఎడమ నుంచి అంకెలు వేయండి. వాద్యాన్ని ఒకే ఆసిలేటరు వినిపించేలా, ఫిల్టరు పూర్తిగా తెరిచి, గ్లైడ్ (శ్రుతి నుంచి శ్రుతికి జారుడు) సున్నాలో, స్వరం లేచి, నిలిచి, తగ్గే తీరును నిర్ణయించే ఎన్వలప్‌లో అటాక్, రిలీజ్ కనిష్ఠంలో, సస్టైన్ గరిష్ఠంలో ఉండేలా అమర్చండి. ఇలా చేస్తే కాంటాక్టు చేసే ప్రతి చిన్న తప్పూ ఏ ముసుగూ లేకుండా చెవికి వినిపిస్తుంది. ఆపైన ఒక్కో మీటను మెల్లగా, మామూలుగా, గట్టిగా కనీసం పదేసి సార్లు నొక్కి, నొక్కి పట్టుకుని కూడా విని, ఏం జరిగిందో ఆ అంకె పక్కన రాసుకోండి.

చెడ్డ మీటలు ఒక పద్ధతి లేకుండా అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే, దాదాపు ఖాయంగా కాంటాక్టుల్లోని మురికే కారణం. వాటిలో ఒక క్రమం కనిపిస్తే మాత్రం కాంటాక్టుల జోలికి వెళ్లకముందే ఆగి ఆలోచించండి. ప్రాఫెట్-5 వంటి బహుస్వర వాద్యాల్లో 61 మీటలనూ ఒక్కొక్క వైరుతో కలపరు. ఎనిమిది అడ్డు వరుసలు, ఎనిమిది నిలువు వరుసల గళ్లలో అమర్చి ప్రాసెసరు ఒక్కో వరుసనూ వేగంగా చదువుతూ పోతుంది. ఆ 64 గళ్లలో 61 మీటలు సరిపోతాయి. అందువల్ల వరుసగా ఎనిమిది మీటలు మూగబోయినా, ప్రతి ఎనిమిదో మీటా మూగబోయినా, తప్పు ఒక వరుసకు చెందిన వైరులోనో, కనెక్టరులోనో, చిప్పులోనో ఉన్నట్టు. అలాంటప్పుడు ఎనిమిది కాంటాక్టులనూ ఎంత తుడిచినా ఫలితం ఉండదు. మూడు మీటలు కలిపి నొక్కినప్పుడు మీరు ముట్టని నాలుగో స్వరం పలికితే, మీటల దగ్గరుండే, కరెంటును ఒకే దిక్కున పోనిచ్చే డయోడుల్లో ఒకటి షార్ట్ అయిందని అనుమానించాలి.

మినీమూగ్ లాంటి ఏకస్వర వాద్యాల్లో ఇంకో రకం క్రమం కనిపిస్తుంది. అందులో రెండు మీటలు కలిపి నొక్కితే కింది స్వరమే పలుకుతుంది. ఒక మీట కింది శ్రుతి తీగ వంగి, నొక్కకపోయినా కడ్డీని తాకుతూ ఉందనుకోండి. అప్పుడు దానికి ఎడమవైపు మీటలన్నీ బాగానే పలుకుతాయి, కుడివైపు మీటలన్నీ మాత్రం ఆ ఒక్క స్వరాన్నే పలుకుతాయి. చూసేవారికి సగం కీబోర్డు పోయినట్టు కనిపిస్తుంది గాని, నిజానికి ఆ హద్దు దగ్గరున్న ఒకే ఒక్క తీగ దొంగ. ఇలాంటి వాద్యాల్లో శ్రుతి వోల్టేజీ ఒక రెసిస్టర్ల గొలుసు నుంచి వస్తుంది. ఒక్కో మీట ఆ గొలుసులో ఒక్కో మెట్టు. ఆ గొలుసులో ఒక రెసిస్టరు తెగినా, దాని టంకం చిట్లినా, ఆ మెట్టుకు ఒకవైపు ఉన్న మీటలన్నీ ఒకేసారి తప్పుతాయి. కాంటాక్టు మురికికి ఒక మీట దగ్గర మొదలై అన్నింటికీ పాకే లక్షణం లేదు.

1981 నాటి కోర్గ్ పాలీసిక్స్ ఉన్నవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. దానిలో ధ్వనులను గుర్తుంచుకోవడానికి పెట్టిన బ్యాటరీ ఏళ్లు గడిచాక కారి, అదే బోర్డు మీద ఉన్న రాగి దారులను తినేయడం అందరికీ తెలిసిన సమస్య. మీటలను చదివే సర్క్యూటు కూడా ఆ బోర్డు మీదే ఉండడం వల్ల కొన్ని మీటలు పలకడం మానేస్తాయి. మీటల కింద వెతికే ముందు ఆ బ్యాటరీని చూడండి.

సామగ్రి, జాగ్రత్తలు

99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకోండి. 70 శాతంది వద్దు, ఎందుకంటే మిగతా భాగం నీరు, అది ఆరడానికి ఆలస్యమై మరక మిగులుస్తుంది. నూలుపోగులు రాలని గుడ్డ, గట్టిగా చుట్టిన దూది పుల్లలు, మెత్తని కుంచె, గట్టి తెల్ల కాగితం, సన్నని మొన ఉన్న ట్వీజర్స్, భూతద్దం, చిన్న టార్చి, వోల్టేజీనీ నిరోధాన్నీ కొలిచే మల్టీమీటరు ఉంటే చాలు. ఉప్పుకాగితం, స్టీలు పీచు, గోరు ఆకురాయి వంటివాటిని బల్ల మీదికే రానివ్వకండి. కీళ్లకూ తాళాలకూ చల్లే నూనె స్ప్రేలు కూడా వద్దు. అవి ఆ పూటకు పనిచేసినట్టు కనిపించి, మిగిల్చిన జిడ్డు మీద దుమ్ము పట్టించుకుని కొన్నాళ్లకు మొదటికంటే పెద్ద సమస్య తెస్తాయి.

పని మొదలుపెట్టే ముందు కరెంటు వైరును గోడ సాకెట్టు నుంచే తీసేయాలి. వాద్యం మీది స్విచ్ ఆపితే చాలదు, ఎందుకంటే ఆ స్విచ్ దాకా వచ్చే వైర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ ఉంటూనే ఉంటుంది. మూత తీశాక పవర్ సప్లై దగ్గర, కరెంటు తీశాక కూడా విద్యుత్తును నిలవ ఉంచుకోగల పెద్ద కెపాసిటర్ల మీద మల్టీమీటరు పెట్టి, వోల్టేజీ దాదాపు సున్నాకు దిగిందని నిర్ధారించుకున్నాకే లోపల చేయి పెట్టండి. ఈ వాద్యాల్లోని చాలా చిప్పులు ఒంటి మీది స్థిర విద్యుత్తుకే పాడవుతాయి కాబట్టి, పని మధ్యలో అప్పుడప్పుడు లోహపు చట్రాన్ని తాకుతూ ఉండండి.

విప్పడం

ప్రతి దశలోనూ ఫొటో తీసుకోండి. ఒకే పొడవున్నట్టు కనిపించే స్క్రూలు నిజానికి రెండు మూడు రకాలుగా ఉంటాయి. పొడవుది పొట్టిదాని స్థానంలో బిగిస్తే అది బోర్డుకో కవరుకో గుచ్చుకుంటుంది. కాగితం మీద వాద్యం రూపురేఖలు గీసి, తీసిన ప్రతి స్క్రూనూ దాని స్థానంలోనే గుచ్చి పెట్టుకునే పద్ధతి నాకు బాగా పనికొచ్చింది. కీబోర్డును చట్రం నుంచి పైకి ఎత్తేటప్పుడు దాని వెనుక ఉన్న కనెక్టర్లను ముందే వదిలించి, ఏది ఎటు తిరిగి ఉందో గుర్తుపెట్టుకోండి. ఏళ్ల తరబడి కదలని రిబ్బను కేబుల్‌ను వైర్లు పట్టుకుని లాగకండి. ప్లాస్టిక్ తలను రెండు చివర్లా కొద్దికొద్దిగా ఎత్తుతూ వదిలించండి. ఒక విషయం ముందే చెబుతాను. ఈ కనెక్టర్లను ఒకసారి తీసి పెట్టడంతోనే కొన్ని జబ్బులు నయమవుతాయి, ఎందుకంటే చాలాసార్లు మురికి పట్టింది మీట కింద కాదు, అక్కడ. కాబట్టి వాటి పిన్నులను కూడా ఆల్కహాల్‌తో తుడిచి, వీలైతే కాంటాక్టులను ముట్టకముందే ఒకసారి కలిపి పరీక్షించి చూడండి.

తీగ రకం కాంటాక్టులను శుభ్రపరచడం

కీబోర్డును మెత్తని గుడ్డ మీద, కాంటాక్టులు మీకు కనిపించేలా నిలబెట్టండి. ముందుగా పొడి కుంచెతో, తీగల పొడవు వెంటే, దుమ్మును బయటికి తోలండి. అడ్డంగా తుడిస్తే కుంచె వెంట్రుకలు తీగలకు తగులుకుని వాటిని పక్కకు వంచేస్తాయి. ఎన్నో ఏళ్ల దుమ్ము ఒక్కోసారి పొరలుగా లేచి వస్తుంది. అందులో రాలిన ఫెల్టు పీచులు, పాతబడి పొడి అయిన స్పాంజి రేణువులు కనిపిస్తే, అవే కొన్ని మీటలను అడ్డుకుంటూ ఉండవచ్చు.

తరువాత భూతద్దంతో పలకని మీట తీగనూ, బాగా పలికే మీట తీగనూ పక్కపక్కన చూడండి. బాగున్న తీగ కడ్డీని తాకే చోట సూది మొనంత మెరుపు కనిపిస్తుంది. అది కదలికతో రుద్దుకుని శుభ్రపడిన స్థానం. చెడ్డదాని మీద ఆ మెరుపు ఉండదు. దాని స్థానంలో గోధుమరంగు నుంచి నలుపు దాకా ఏదో ఒక ఛాయలో సన్నని పొర ఉంటుంది. వెండి పూత ఉన్నచోట ఈ నలుపు గాలిలోని గంధక సమ్మేళనాల వల్ల ఏర్పడిన వెండి సల్ఫైడు. బంగారు పూత ఇలా నల్లబడదు గాని, చమురు, పొగ, దుమ్ము కలిసిన జిడ్డు పొర దాని మీద కూడా పేరుకుంటుంది. అక్కడ ఉండే వోల్టేజీ, కరెంటు రెండూ చాలా తక్కువ కావడం వల్ల, ఇంటి లైటు స్విచ్‌లో లెక్కలోకి రాని పొర కూడా ఇక్కడ గోడలా అడ్డు నిలుస్తుంది.

ఇక తుడవడం. గట్టి తెల్ల కాగితాన్ని సుమారు 5 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీగా కత్తిరించి, దాని కొసను ఆల్కహాల్‌లో ముంచి, కారకుండా విదిలించండి. ఆ కొసను తీగకూ కడ్డీకీ మధ్య దూర్చి, మరో చేత్తో మీటను మెల్లగా సగం దాకా నొక్కండి. తీగ కాగితాన్ని కడ్డీకి అదిమి పట్టుకుంటుంది. ఆ స్థితిలో పట్టీని నిదానంగా బయటికి లాగండి. కాగితం మీద సన్నని బూడిదరంగు గీత పడుతుంది. ఆ గీతే తప్పు ఎక్కడుందో చెప్పే సాక్ష్యం. పట్టీ కొసను కత్తిరించి, కొత్త భాగంతో మళ్లీ లాగండి. మూడో నాలుగో సార్లలో గీత పడడం ఆగిపోతే ఆ కాంటాక్టు శుభ్రమైనట్టే. చివరిసారి పొడి పట్టీని లాగి, పీచు మిగలలేదని భూతద్దంతో చూసుకోండి. అన్ని మీటలకూ ఇలా చేయడానికి ఒక పూట పడుతుంది. విసుగు అనిపించినా, ఇంతకన్నా సురక్షితమైన పద్ధతి నాకు తెలియదు.

కాగితం కాస్త గరుకుగా ఉండడం వల్ల నలుపు చాలావరకు పోతుంది, పూత మాత్రం నిలుస్తుంది. అప్పటికీ లొంగని నలుపు ఉంటే, డీఆక్సిట్ వంటి కాంటాక్టు క్లీనరును ఒక చుక్క కాగితం పట్టీకి అద్ది, అదే పద్ధతిలో లాగి, కొన్ని నిమిషాలు ఆగి, ఆల్కహాల్ పట్టీతో పూర్తిగా తుడిచేయండి. డబ్బాతో నేరుగా చల్లకండి. చల్లితే ఆ ద్రవం మీటల ఇరుసుల దాకా, వాటి రబ్బరు, ఫెల్టు భాగాల దాకా పాకి, అక్కడ వేరే జబ్బు మొదలవుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి వాడడమంటే ఇదే.

కొన్ని కీబోర్డుల్లో ఇంకో వెసులుబాటు ఉంది. బస్ బార్ గుండ్రని కడ్డీ కాబట్టి, తీగలు దాని చుట్టుకొలతలో ఒకే గీత వెంట తాకుతూ వచ్చాయి. ఆ గీత వెంట పూత అరిగిపోయి ఉంటే, కడ్డీ కొసన టంకం వేసిన వైరును వదిలించి, కడ్డీని కొద్దిగా తిప్పి, ఇంతవరకు ఏ తీగా తాకని ముఖాన్ని ముందుకు తేవచ్చు. తిప్పేటప్పుడు అన్ని మీటలూ పైకి లేచి ఉండాలి. ఒక్క తీగ కడ్డీని పట్టుకుని ఉన్నా, తిప్పిన వెంటనే మెలిపడుతుంది.

తీగను వంచవలసి వస్తే

శుభ్రం చేసిన తరువాత కూడా ఒక మీట చాలా లోతుకు దిగితేగాని పలకకపోయినా, ఒకే నొక్కుకు రెండుసార్లు మోగుతున్నా, అప్పుడు మాత్రమే తీగ వంపును సరిచేసే ఆలోచన చేయండి. మొదట్లో నేను ఈ క్రమం పాటించక నష్టపోయాను. పలకని ఒక మీట తీగను తుడవకముందే కడ్డీకి దగ్గరగా వంచాను. పలకడం మొదలుపెట్టింది. ఆ సంతోషం మురికి పొర రాపిడికి పోయేదాకానే నిలిచింది. ఆ తరువాత ఆ మీట, వేలు అలా తగలగానే మోగడం మొదలుపెట్టింది. తీగను వెనక్కి వంచబోతే మళ్లీ కడ్డీకి అందకుండా పోయింది. ఇలా మూడుసార్లు అటూ ఇటూ వంచేసరికి తీగ వంపు దగ్గర అలిసి విరిగిపోయింది. ఈ స్ప్రింగు తీగలు వంగడం కోసమే ఉన్నా, ఒకేచోట పదేపదే మడత పడడాన్ని ఓర్చుకోవు.

సరిచేసే పద్ధతి ఇది. తీగల వెనుక తెల్ల కాగితం పెట్టి, దాని మీద టార్చి వెలుగు పడనివ్వండి. తీగకూ కడ్డీకీ మధ్య ఉన్న సందు సన్నని వెలుగు చారలా కనిపిస్తుంది. పక్కపక్కనున్న పది మీటల చారలను ఒకే వరుసలో చూస్తే, ఏ తీగ దారి తప్పిందో కొలత అవసరం లేకుండానే కంటికి తెలుస్తుంది. ట్వీజర్స్‌తో తీగను దాని మొదలుకు దగ్గరగా పట్టుకుని, వెంట్రుకవాసి మేర మాత్రమే కదిపి, వదిలి, మళ్లీ చూడండి. కడ్డీని తాకే కొసను ఎప్పుడూ పట్టుకోకండి, అక్కడి పూత మీద గీత పడితే ఆ కాంటాక్టు మళ్లీ త్వరగా మాసిపోతుంది.

రెండు కాంటాక్టులు ఉన్న ఏకస్వర వాద్యాల్లో ఇంకొక నియమం కూడా ఉంది. శ్రుతి కాంటాక్టు ముందు కలవాలి, గేట్ కాంటాక్టు తరువాత కలవాలి. మీటను చాలా మెల్లగా నొక్కుతూ రెండు వెలుగు చారల్లో ఏది ముందు మూసుకుంటుందో గమనించండి. గేట్ ముందు కలిస్తే, స్వరం మొదలైన క్షణంలో అంతకుముందు వాయించిన స్వరపు శ్రుతి వినిపించి, ఆ వెంటనే అసలు శ్రుతికి గెంతుతుంది. వేగంగా వాయించేటప్పుడు ప్రతి స్వరం ముందూ చిన్న ఎక్కిళ్లు వస్తున్నట్టు అనిపించే ఈ తప్పును చాలామంది ఆసిలేటరు దోషమని పొరబడతారు. దీన్ని గేట్ తీగను కొంచెం దూరం జరిపి సరిచేయాలి. శ్రుతి తీగను దగ్గరకు లాగకూడదు, అలా లాగితే అది నొక్కకుండానే తాకే ప్రమాదం ఉంటుంది.

మీట పక్కలకు ఊగుతున్నా, కిందికి దిగి నెమ్మదిగా లేస్తున్నా కారణం తీగ కాకపోవచ్చు. ప్రాట్-రీడ్ కీబోర్డుల్లో ప్రతి మీటా లోహపు పిన్ను మీద నిలబడి కదులుతుంది. పిన్నుకూ మీటకూ మధ్య ఉండే చిన్న రబ్బరు బుషింగు కాలం గడిచేకొద్దీ గట్టిపడి పొడిగా రాలుతుంది, లేదా మెత్తబడి జిగటగా మారుతుంది. అప్పుడు మీట వంకరగా దిగి, తీగను వేరే కోణంలో తాకిస్తుంది. అలాంటి చోట ముందు బుషింగులు మార్చి, ఆ తరువాతే తీగల సంగతి చూడాలి. లేకపోతే తీగల సర్దుబాటు రెండోసారి చేయవలసి వస్తుంది.

రబ్బరు రకం కాంటాక్టులు

ఇక్కడ పని తేలికే గాని, మీటలన్నీ తీయవలసి రావచ్చు. తీసేటప్పుడు మీటలను వాటి వరుసలోనే పేర్చుకోండి, స్ప్రింగులు ఎగిరిపోకుండా ఒక వేలు అడ్డం పెట్టుకోండి. రబ్బరు పట్టీలను బోర్డులోని రంధ్రాల గుండా దూరిన చిన్న తోకలు పట్టి ఉంచుతాయి. పట్టీని ఒక కొస నుంచి మెల్లగా ఎత్తండి. గట్టిగా లాగితే తోకలు తెగి, తరువాత పట్టీ తన చోట నిలవదు.

బోర్డు మీది కార్బన్ దువ్వెనలను ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో ఒకటి రెండుసార్లు, ఒత్తకుండా తుడవండి. పుల్ల మీద కొంచెం బూడిదరంగు వస్తే అది దుమ్ము, చిక్కటి నలుపు వస్తూనే ఉంటే మీరు కార్బన్‌నే తుడిచేస్తున్నట్టు. అలాంటప్పుడు వెంటనే ఆపండి. పెన్సిలు రబ్బరుతో రుద్దమని చెప్పేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను, అది కార్బన్ పొరను అరగదీస్తుంది. రబ్బరు పట్టీలను గోరువెచ్చని నీటిలో కొద్దిగా తేలికపాటి సబ్బు కలిపి వేళ్లతో కడిగి, మంచినీటితో జాడించి, ఎండ తగలని చోట పూర్తిగా ఆరనివ్వండి. ఆరిన తరువాత బుడిపెల లోపలి బిళ్లలను వేలితో తాకకండి, చర్మం మీది చమురు వాటికి అంటుతుంది.

పట్టీలు తిరిగి అమర్చకముందు మల్టీమీటరుతో ఒక పరీక్ష చేయండి. మీటరులో బీప్ వినిపించే స్థానం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అది కొన్ని పదుల ఓముల లోపే మోగుతుంది, కార్బన్ కాంటాక్టు నిరోధం మామూలుగానే అంతకంటే ఎక్కువ ఉండవచ్చు. బీప్ రాలేదని మంచి బిళ్లలను పారేసుకోకండి. ఓముల స్థానంలో పెట్టి, ముందుగా మీ వాద్యంలో ఎప్పుడూ తప్పని మీట బిళ్లకు రెండు వైపులా మీటరు మొనలను తేలికగా ఆనించి, వచ్చిన అంకెను రాసుకోండి. మీ కొలబద్ద అదే. దానికి దగ్గరగా ఉన్నవన్నీ మంచివి, పదిరెట్లు దాటినవి అనుమానించదగినవి.

అరిగిన బిళ్లలు రెండు మూడే అయితే చిన్న ఉపాయం ఒకటుంది. ఒకే ఆకారంలో ఉన్న పట్టీలు రెండు ఉంటే, ఎక్కువగా వాయించే నడిమి ఆక్టేవ్ పట్టీని తీసి, అరుదుగా వాడే చివరి ఆక్టేవ్ పట్టీతో మార్చుకోండి. అది చాలకపోతే విద్యుత్తును పంపే కార్బన్ పూతను సన్నని పుల్లతో బిళ్ల మీద మాత్రమే పలుచగా పూసి, పూత తయారీదారు చెప్పినంత సేపు ఆరనివ్వాలి. బోర్డు మీది గీతలకు పూయబోతే చేయి కాస్త వణికినా రెండు దువ్వెనలూ కలిసిపోయి ఆ స్వరం ఆగకుండా మోగుతుంది. జూనో-106 వంటి పేరున్న వాద్యాలకు కొత్త రబ్బరు పట్టీలు ఇప్పటికీ తయారవుతున్నాయి. సగం బిళ్లలు అరిగినప్పుడు పూతలతో తంటాలు పడడం కంటే అవి కొనుక్కోవడమే మేలు.

నొక్కే వేగాన్ని గుర్తించే కీబోర్డుల్లో ఒక్కో మీటకు రెండు బిళ్లలు ఉంటాయి. ఒకటి కొంచెం ముందు, ఒకటి కొంచెం తరువాత తాకుతాయి, ఆ రెండింటి మధ్య గడిచిన సమయాన్ని బట్టి వాద్యం వేగాన్ని లెక్కిస్తుంది. ఒక మీట ఎలా నొక్కినా ఒకే బిగ్గరతనంతో పలుకుతుంటే, పలుకుతోంది కదా అని వదిలేయకండి, రెండింటిలో ఒక బిళ్ల మాసి ఉంటుంది.

పట్టీని తిరిగి పెట్టేటప్పుడు తోకలను మొనలేని పుల్లతో రంధ్రాల్లోకి నెట్టండి. సూదితో గుచ్చితే రబ్బరు చిరుగుతుంది. తోకకు ఆల్కహాల్ తడి కొంచెం అద్దితే జారుతూ దిగుతుంది. పట్టీ అడుగున గాలి పోవడానికి సన్నని కాలువలు ఉంటాయి. పట్టీ ఎక్కడైనా ముడతపడి ఆ కాలువ మూసుకుపోతే, నొక్కిన బుడిపె లోపలి గాలి బయటికి పోలేక మీట బరువెక్కినట్టు అనిపిస్తుంది.

శుభ్రం చేసినా పలకకపోతే

మీట నొక్కి, కాంటాక్టు రెండు వైపులా నేరుగా మల్టీమీటరు పెట్టండి. తీగ రకంలో ఒకటి రెండు ఓముల లోపు స్థిరంగా చూపిస్తే కాంటాక్టు నిర్దోషి. ఇక ఆ మీటకు చెందిన టంకం, దాని రెసిస్టరు లేదా డయోడు, అక్కడి నుంచి కనెక్టరు దాకా ఉన్న దారి వరుసగా చూడాలి. డయోడును మీటరులోని డయోడు స్థానంలో రెండు దిక్కులా కొలిస్తే, ఒక దిక్కున సుమారు 0.6 వోల్టులు చూపించి రెండో దిక్కున ఏమీ చూపకూడదు. రెండు దిక్కులా ఏమీ చూపకపోతే అది తెగినట్టు, రెండు దిక్కులా దాదాపు సున్నా చూపిస్తే షార్ట్ అయినట్టు. అయితే మిగతా సర్క్యూటుతో కలిసి ఉన్నప్పుడు కొలత తప్పుదారి పట్టించవచ్చు కాబట్టి, అనుమానం ఉన్న డయోడు ఒక కాలును టంకం నుంచి వదిలించి మళ్లీ కొలవండి. శ్రుతి వోల్టేజీ బయటికి ఇచ్చే సాకెట్టు ఉన్న వాద్యాల్లో, ఆక్టేవ్‌కు, అంటే పన్నెండు మీటలకు, 1 వోల్టు చొప్పున నడిచేవైతే, పక్కపక్క మీటల మధ్య తేడా సుమారు 83 మిల్లీవోల్టులు ఉండాలి. ఏ మెట్టు దగ్గర ఆ తేడా చెదిరిందో చూస్తే గొలుసులో పాడైన రెసిస్టరు చోటు తెలిసిపోతుంది.

తిరిగి బిగించడం

స్క్రూలన్నీ బిగించకముందే, రెండు మూడింటితో కీబోర్డును నిలిపి, లోపల చేయి పెట్టకుండా వాద్యం వేసి, మొదట రాసుకున్న కాగితాన్ని ముందు పెట్టుకుని అన్ని మీటలనూ అదే అమరికతో, అదే వరుసలో మళ్లీ పరీక్షించండి. మొదటిసారి బాగుండి ఇప్పుడు తప్పుతున్న మీట ఉంటే, దాని కింద దూది పీచో కాగితపు పీచో చిక్కుకుని ఉంటుంది. తప్పు కనిపించిన ప్రతిసారీ వైరును గోడ సాకెట్టు నుంచి తీశాకే మళ్లీ లోపల చేయి పెట్టండి. అంతా సరిపోయాక ఆ కాగితం మీద తేదీ, ఏ మీటకు ఏం చేశారో రాసి, మడిచి, బోర్డులకు తగలని చోట కింది మూత లోపలి వైపు అంటించండి. తరువాత ఎప్పుడైనా ఆ మూత తీసినప్పుడు, ఏ తీగ ఇప్పటికే ఒకసారి వంగిందో దాని మీద చూసుకుని, దాన్ని మళ్లీ ట్వీజర్స్‌తో పట్టుకోవాలో వద్దో తేల్చుకోవచ్చు.